పక్క మెట్టు

ఇల్లు, ముందు గది
సోమవారం

చెల్లాయికి,

డిస్కు అందింది. వదిన కాఫీ తెస్తానంటే తరవాత తాగుతానని చెప్పి తలుపేసుకుని కూర్చున్నాను. మొదటి స్వరానికే లేచి నిలబడ్డాను. బాగుండి కాదు.

మేము వాయించింది ఒకటి, నువ్వు వినిపిస్తున్నది ఇంకొకటి. వయొలిన్, సెల్లో, పియానో ముగ్గురం కలిసి వాయించిన పెద్దదీ, దాని వెనకాల నేనొక్కణ్ణే వాయించిన చిన్నవీ, అన్నీ ఒక మెట్టు పైకి జరిగి ఉన్నాయి. నేను తెల్ల మెట్టు నొక్కిన చోట దాని పక్కనున్న నల్ల మెట్టు మోగుతోంది. మొదట్నుంచి చివరిదాకా ఇంతే. మీ మిషను ఏదో వేగంగా తిరుగుతోంది, చూడు.

గిన్నె కిందపడితే అది ఏ మెట్టో చెప్పే చెవి నాది. పియానోలు శ్రుతి చేసే మన నాన్నే సందేహం వస్తే నన్ను కేకేసేవాడు. అందుకని పొరపాటేమోనని నాకు సర్దిచెప్పకు. మీ హాల్లో పియానో కూడా పైకి ఉందని రికార్డింగు రోజునే అన్నాను. మీ శ్రుతి చేసే అతను తల గోక్కుని, సరిగానే ఉందండీ అన్నాడు. పోనీలే, వయొలిన్ అమ్మాయి ఎదురుచూస్తోందని ఊరుకున్నాను. ఇంట్లో పియానో కూడా ఈ వానలకి ఉబ్బి పైకెక్కింది. నాన్న నేర్పిన పనేగా, పానా పట్టుకుని ఒక్కో తీగే నేనే కిందికి దించాను. నడుం పట్టేసింది గాని ఇప్పుడు హాయిగా ఉంది.

నా సంతకం లేకపోతే డిస్కు బయటికి రాదు. ఇది రాకపోతే రెండోది లేదు. మా బావమరిది సెల్లో పట్టాక తన పేరున వస్తున్న మొదటి డిస్కు ఇది. కనిపించిన వాళ్ళందరికీ చెప్పేశాడు. కాబట్టి తొందరగా సరిచేసి పంపు.

ఫోన్ చెయ్యకు. ఈ మధ్య ఫోన్లో నీ గొంతు సన్నగా వస్తోంది, చెప్పే మాట మీద ధ్యాస నిలవడం లేదు. మా లిఫ్టు గంట కూడా ఎవడో మార్చాడు. వాచ్‌మన్‌ని అడిగితే పాతదే అంటాడు.

నీ అన్నయ్య


స్టూడియో, ఎడిటింగ్ గది
శుక్రవారం

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి కంగారు పడ్డాను. నాది మొద్దు చెవి అని ఇంటిల్లిపాదికీ తెలుసు కదా, అందుకని నా చెవిని నమ్ముకోలేదు. మిషనుతో కొలిచాను. ఇంకో మిషను తెప్పించి దాంతోనూ కొలిచాను. ఎక్కడి స్వరం అక్కడే ఉంది. డిస్కు వేగంగా తిరిగితే నిడివి తగ్గాలి. అదీ తగ్గలేదు. హాల్లో పియానో శ్రుతి చేసిన అతన్ని పిలిచి అడిగాను. అతనికి నువ్వు గుర్తున్నావు, "పైకి ఉందన్నాయనే కదండీ" అన్నాడు.

మీ బావమరిదికీ వయొలిన్ అమ్మాయికీ కూడా కాపీలు పంపాను. ఆ అమ్మాయి ఒక చోట తన ఊపిరి పీల్చిన చప్పుడు తీసెయ్యమంది, అంతే. మీ బావమరిది బాగుందని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేశాడు.

తప్పంతా నీ ఇంట్లో డిస్కు వేసే పెట్టెదేమో. పాతబడితే అవి ఇష్టమొచ్చినట్టు తిరుగుతాయి. ఇంకెవరింట్లోనైనా విని చూడు. ఇంకో మాట, ఇంట్లో పియానో దించానన్నావు. మొత్తం దించావా? వానకి ఎక్కడైనా ఒకటి రెండు తీగలు తేడా వస్తాయని నాన్న అనేవాడు, అన్నీ కలిసికట్టుగా ఒకే మెట్టు పైకెక్కడం నేనెప్పుడూ వినలేదు. నాకేం తెలుసులే. నాన్న పని చేస్తుంటే బట్ట ముక్కలు అందించడం తప్ప నేను చేసిందేముంది.

వదినకి నా మాటగా చెప్పు, కాఫీ చల్లారనివ్వొద్దని.

చెల్లి


ఇల్లు
మంగళవారం

ఎడిటరు గారికి,

తమరు చెప్పినట్టే పక్కవాళ్ళ పెట్టెలో విన్నాను. కింద వాటాలో విన్నాను. వదిన పనిచేసే బళ్ళో విన్నాను. అన్నిచోట్లా ఒకటే మెట్టు పైకి. ఇన్ని పెట్టెలూ ఒకేలా చెడిపోయాయనుకోమంటారా?

నాకు ఇప్పుడు తెలిసొచ్చింది. నిడివి మారకుండానే శ్రుతి పైకి లేపే పద్ధతులు మీ దగ్గర ఉన్నాయని వయొలిన్ అమ్మాయి చెప్పింది. పైకి లేపితే మెరుపు వస్తుంది, కొనేవాళ్ళకి బాగుంటుంది. మీ మేనేజరు చెయ్యమన్నాడు, నువ్వు చేశావు, ఆ మాట నాకు చెప్పలేక మిషను, కొలత అని కథలు చెప్తున్నావు. బావమరిదికి ఏం తెలుస్తుంది, వాడికి తన సెల్లో చేతిలో ఉన్నంతసేపూ లోకమంతా బాగానే ఉంటుంది.

సంతకం చెయ్యను.

కోపంలో రాస్తున్నానని నాకు తెలుసు. ఇంకో సంగతి ఉంది. వదిన బళ్ళో పిల్లల కార్యక్రమం పెట్టి నన్ను వాయించమన్నారు. చిన్నప్పట్నుంచి వాయిస్తున్న ముక్కే, కళ్ళు మూసుకుని వాయించగలను. కూర్చుని మొదలుపెట్టాను. ఆ పియానో కూడా పైకి ఉంది. నొక్కేది ఒకటి, వినిపించేది దాని పక్కది. కాస్త దూరం ఓర్చుకున్నాను. తరవాత కుడిచెయ్యి దానంతటదే చెవికి సరిపడేలా పక్కకి జరిగింది. ఎడమచెయ్యి జరగలేదు. వినడానికి ఎలా ఉండి ఉంటుందో నువ్వే ఊహించుకో. మళ్ళీ దారిలో పడదామని చూశాను, ఎక్కడున్నానో నాకే తెలియలేదు. ఆపేశాను. అయిపోయిందనుకుని హెడ్మాస్టరు చప్పట్లు కొట్టాడు.

నాకు ఎప్పుడూ ఇలా కాలేదు. వదిన, అలిసిపోయారు, అంది. నేను అలిసిపోలేదు. ఊళ్ళో పియానోలన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పైకెక్కితే మనిషి ఏం వాయిస్తాడు? నా ఇంట్లోది ఒక్కటే సరిగ్గా ఉంది. ఇక దాని మీదే వాయిస్తాను.

మేనేజరుకి ఈ ఉత్తరం చూపించినా నాకేం అభ్యంతరం లేదు.

అన్నయ్య


స్టూడియో
బుధవారం

అన్నయ్యా,

నువ్వు చెప్పింది నిజమే. మా దగ్గరే ఒక చోట తేడా జరిగింది. ఎలా జరిగిందో రాస్తే పెద్ద కథ, నీకు విసుగు. సరిచేసి కొత్త కాపీ పంపుతున్నాను. ఇది విను. ముందు పంపిన దాన్ని పక్కన పడెయ్యి.

బడి సంగతి మనసులో పెట్టుకోకు. పిల్లలు మర్చిపోయి ఉంటారు.

కొత్తది ఎలా ఉందో ఒక్క మాట రాయి.

చెల్లి


ఇల్లు, ముందు గది
సోమవారం

బంగారు తల్లికి,

ఒక్క మాట చాలదు. ఇది నేను వాయించిందే. మొదటి స్వరం ఎక్కడ మోగాలో అక్కడ మోగింది. అరగంట పోయాక వదిన తలుపు తోసి చూసి, ఏడుస్తున్నారా అంది. కళ్ళలో నలక పడిందన్నాను. వదినకి అబద్ధాలు తొందరగానే తెలిసిపోతాయి, కాని తలుపేసి వెళ్ళింది.

మొదటి భాగంలో వయొలిన్ అమ్మాయి నాకంటే ముందు పోతుందని రికార్డింగప్పుడు విసుక్కున్నాను. వింటే అదే బాగుంది. బావమరిది చివర్లో కింది తీగ మీద నిలబడ్డ చోట వాడికి దణ్ణం పెట్టొచ్చు. ఆ మాట వాడితో అనను, నెత్తికెక్కుతాడు. మెల్లగా నడిచే మధ్య భాగం ఇంకా సరిగ్గా వినలేదు. ఆ సంతోషంలో మళ్ళీ మొదటికే వెళ్ళి వింటున్నాను.

సంతకం పెట్టిన కాగితం ఇందులోనే ఉంది. నిన్ను నానా మాటలూ అన్నాను. తప్పు ఒప్పుకున్నావు కనక నేనూ ఒప్పుకుంటున్నాను, నోరు జారాను. పైకి లేపితే మెరుపొస్తుందన్న మీ మేనేజరుతో, ఉన్నది ఉన్నట్టు ఉంచితే చాలని నా మాటగా చెప్పు.

రెండో డిస్కుకి ఏమేం వాయించాలో అప్పుడే బావమరిదితో మాట్లాడాను. ఆదివారం భోజనానికి రమ్మన్నాను. ఈ కాపీ వాడికి వినిపిస్తాను. నువ్వు వాడికి పంపింది పాతదే కదా, పాపం ఆ తప్పుడుదాన్నే బాగుందని ఊరంతా తిప్పుతున్నాడు.

నీ అన్నయ్య


స్టూడియో
గురువారం, తొందరలో

అన్నయ్యా,

ఆదివారం లోపు ఇది నీకు అందాలని రాస్తున్నాను. ఆ కాపీ మీ బావమరిదికి వినిపించొద్దు. విడుదలకి ముందు ఎవరికీ వినిపించకూడదని కంపెనీ రూలు. పాత కాపీ అతనికి నేనే పంపాను కదా అంటావు, నిజమే, అప్పుడు రూలు లేదు. ఇప్పుడొచ్చింది.

ఇంకొకటి. హెడ్‌ఫోన్లు పెట్టుకునే పని కదా, మేమందరం ఏడాదికోసారి చెవి డాక్టరుకి చూపించుకుంటాం. మంచి డాక్టరు, నొప్పి ఉండదు, ఒక గదిలో కూర్చోబెట్టి శబ్దాలు వినిపిస్తారు. నువ్వూ ఒకసారి వెళ్తే బాగుంటుందనిపించింది. ప్రత్యేకంగా ఏమీ లేదు. వయసొచ్చాక కళ్ళు చూపించుకుంటాం కదా, అలాగే.

ఫోన్ చేశాను, నువ్వు తియ్యలేదు. వదిన బడికి చేస్తే, ఏమైనా ఉంటే ఉత్తరం రాయమ్మా, ఆయన ఫోన్ ముట్టుకోవడం మానేశారు అంది. వదినకి ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదు కూడా.

వినిపించకు అన్నయ్యా.

చెల్లి


ఇల్లు
మంగళవారం

చెల్లెలికి,

నీ గురువారం ఉత్తరం నిన్న వచ్చింది. బావమరిది మొన్న వచ్చాడు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. వాడు ఆర్కెస్ట్రా రిహార్సల్ నుంచి సెల్లోతో సహా తిన్నగా వచ్చాడు. భోజనానికి ముందు డిస్కు పెట్టాను. కాసేపు విని నా వంక చూసి, "బావా, ఇది మనదేనా?" అన్నాడు. మనదే, విను అన్నాను. ఇంకాసేపు విని, లేచి వెళ్ళి పెట్టెలోంచి సెల్లో తీసుకొచ్చి, డిస్కుతో పాటు తన భాగం వాయించబోయాడు. కలవలేదు. ఒక మెట్టు తేడా. ఆపి, మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ అంతే.

"నీ తీగలు దారిలో జారి ఉంటాయి," అన్నాను.

"జారితే కిందికి జారాలి గాని పైకెలా జారతాయి బావా?"

సరే, పియానోని అడుగుదాం అని ఇంట్లో పియానో మీద స్వరం ఇచ్చాను. పియానో, డిస్కు ఒకటే మాట చెప్పాయి. సెల్లో ఒక్కటీ వేరే మాట. వాడు ఇటు చూశాడు, అటు చూశాడు. ఇద్దరు ఒకటైతే నాదే తప్పై ఉండాలి అని తీగలు వదులు చెయ్యడం మొదలుపెట్టాడు. మొహం చూస్తే జాలేసింది. పొద్దుట్నుంచి ఆర్కెస్ట్రాలో ఎవరూ ఏమీ అనలేదే, అందరూ కలిసి నాతో ఆడుకున్నారా అంటాడు. నేను నవ్వుతున్నాను. నిజంగా నవ్వాను, చెల్లాయ్.

వదిన వంటింట్లోంచి వచ్చి, "మామయ్యగారి శ్రుతి దండం ఉందిగా. దాన్ని కొట్టి చూడండి, అన్నం చల్లారిపోతోంది," అంది.

బీరువాలోంచి తీశాను. మోకాలి మీద కొట్టి పియానో చెక్కకి ఆనించాను. బావమరిది ఇంకా వదులు చెయ్యని తీగని దాంతో సరిచూశాడు. కలిసింది. సెల్లో సరిగ్గా ఉంది. పియానో తప్పు, డిస్కు తప్పు.

నా చెవికి ఆ దండం పక్క మెట్టు మోగింది.

మళ్ళీ కొట్టాను. మళ్ళీ పక్క మెట్టే. అది ఉక్కు ముక్క. వానకి ఉబ్బదు, ఎవరి మిషనూ దాన్ని పైకి లేపలేదు. ఆ దండం స్వరం నాకు మాటలు రాకముందు నుంచీ తెలుసు.

"బావా, నీకు ఎలా వినిపిస్తోంది?" అన్నాడు. ఆ గొంతుతో వాడు నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. వాడు సెల్లో పెట్టెలో పెట్టేశాడు. ముగ్గురం తిన్నాం. చారులో ఉప్పు ఎక్కువైందా అని వదిన అడిగింది. లేదన్నాను. ఉందో లేదో నాకు తెలియలేదు.

ఇప్పుడు నాకు అర్థమైంది చెప్తాను, కాదంటే కాదను. మొదటి డిస్కు సరైనదే. నువ్వు రెండోసారి దాన్ని నా చెవికి సరిపడేంత కిందికి దించి పంపావు. నేను సంతోషపడి సంతకం చేశాను. పిల్లాడు ఏడుస్తున్నాడని బొమ్మ చేతిలో పెట్టినట్టు పెట్టావు.

నీకు ఎప్పట్నుంచి తెలుసు? నా సంతకం ఇప్పుడు ఏ డిస్కు మీద ఉన్నట్టు? నా చెవికేమైంది?

అన్నయ్య


స్టూడియో, ఎడిటింగ్ గది
శనివారం

అన్నయ్యా,

కాదనను. అంతా నువ్వు రాసినట్టే.

బళ్ళో జరిగింది నువ్వు రాశాక నాకు భయమేసి చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను, నీ పేరు చెప్పకుండా అడిగాను. ఆయనకి ఆశ్చర్యం లేదు. విన్న స్వరాన్ని వెంటనే పేరు పెట్టి చెప్పగలిగేవాళ్ళలో చాలామందికి వయసు మీద పడుతున్న కొద్దీ లోపలి కొలత కొంచెం జారుతుందట. అన్నీ ఉన్నదానికంటే పైకి వినిపిస్తాయట. జబ్బు కాదు, చెవుడు కాదు. మందు లేదు, వెనక్కి తిరిగి వస్తుందని కూడా చెప్పలేనన్నాడు. నాలాంటి వాళ్ళకీ జారుతుందేమో, అసలు కొలతే లేదు కనక మాకు తెలియదు.

డాక్టరు చెప్పింది రాసుకున్న కాగితం ముందు పెట్టుకుని నీకు రాద్దామని కూర్చున్నాను. నీ చెవి తప్పింది అని నేను నీకు రాయాలి. నేను. చెయ్యి రాలేదు. శ్రుతి దించడం మాకు ఒక మీట నొక్కినంత పని. దించి, ఒక్కసారి సంతోషంగా వింటాడు, తరవాత నెమ్మదిగా చెబుదాం అనుకున్నాను. నువ్వు వెంటనే సంతకం పంపుతావని అనుకోలేదు. అనుకోవాల్సింది.

నువ్వు సంతకం పెట్టిన కాగితం మేనేజరు నా బల్ల మీద చూసి తీసుకెళ్ళాడు. ఆయన దగ్గరున్నది సరైన డిస్కు, దానికే నువ్వు ఒప్పుకున్నావని ఆయన నమ్మకం. అచ్చుకి పంపమన్నాడు. అట్ట మీద ఫొటో మసగ్గా ఉంది, మార్చాలని చెప్పి ఆపాను. ఫొటో బాగానే ఉంది. ఇంకో అబద్ధం. వచ్చే వారం దాకా ఆపగలను.

నువ్వు వద్దంటే మేనేజరుకి నిజం చెప్పి ఆపించేస్తాను. ఉద్యోగం పోతే పోతుంది, దాని గురించి నువ్వు ఆలోచించకు. సరే అంటే సరైనదే వెళ్తుంది. దించింది ఎక్కడికీ వెళ్ళదు, చెరిపేశాను. ఏది మంచిదో నాకు తెలియడం లేదు. రాత్రింబవళ్ళు విన్నదాన్ని గనక ఒకటి మాత్రం తెలుసు. మీరు ముగ్గురూ బాగా వాయించారు. ఇది నా మొద్దు చెవి చెబుతున్న మాట, నమ్మితే నమ్ము.

మీ బావమరిది ఫోన్ చేశాడు. డిస్కు గురించి ఒక్క మాట అడగలేదు. బావ భోంచేస్తున్నాడా అని అడిగాడు.

చెల్లి


ఇల్లు, వంటింటి బల్ల
గురువారం

చెల్లాయికి,

నీ మీద కోపం పోలేదు. అది అలా ఉండనీ, తొందరేం లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. వదిన వెంట వచ్చింది. నీకు చెప్పిందే నాకూ చెప్పాడు. చిన్న చప్పుళ్ళు కూడా బాగా వినిపిస్తున్నాయని మెచ్చుకున్నాడు. బయటికొచ్చాక వదిన, మొత్తానికి చెవులు మంచివే అంది. నాకు నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు.

ఇంట్లో పియానోని మళ్ళీ పైకి లాగుతున్నాను. మధ్యలో ఉన్నవి అయ్యాయి, కిందివి కాలేదు. ప్రస్తుతం అది నాతోనూ కలవదు, ఎవరితోనూ కలవదు.

నిన్న నీ మొదటి డిస్కు మళ్ళీ పెట్టాను. మొదటి భాగమంతా దాంతో పోట్లాడాను. ప్రతి స్వరానికీ, కాదు, ఇది పక్కది, ఇది పక్కది అనుకుంటూనే ఉన్నాను. వేళ్ళు ఒళ్ళో ఊరికే ఉండవు, తొడ మీద ఒక మెట్టు నొక్కితే పెట్టెలోంచి ఇంకోటి వస్తుంది. తల తిరిగింది. ఇక లేచి కట్టేద్దామనుకుంటుంటే వదిన ఉతికిన బట్టల బుట్టతో వచ్చి పక్కన కూర్చుంది. బాగుందా అని అడిగాను.

"ఏం చెప్పను? ఆయన అక్కడ వాయిస్తున్నాడు, మీరు ఇక్కడ గొణుగుతున్నారు. ఎవర్ని వినమంటారు?"

నేను గొణుగుతున్నానని నాకే తెలియదు. స్వరాల పేర్లు పైకే అంటున్నానట. నోరు మూసుకున్నాను. చేతులు ఊరుకోవడం లేదని నాకో దుప్పటి అంచు ఇచ్చి పట్టుకోమంది. ఇద్దరం మడతలు పెడుతుంటే మెల్లగా నడిచే మధ్య భాగం మొదలైంది.

దాన్ని ఆ ఎత్తులో నేనెప్పుడూ కుదురుగా వినలేదు. ఇన్నేళ్ళు వాయించినదే, అయినా ఎక్కడికి పోతుందో తెలియలేదు. పేరు పెట్టబోతే తప్పుతోంది కనక పేరు పెట్టడం మానేశాను. మానేశాక ఏం జరిగిందో చెప్పడం నాకు చేతకాదు. ఎవరో వాయిస్తున్నారు, నేను వింటున్నాను, అంతే. అలా విన్నట్టు నాకు గుర్తు లేదు. నాన్న పెంపకంలో పెరిగిన చెవికి విన్నదానికి జవాబు చెప్పడమే అలవాటు. దుప్పటి అయిపోయాక కూడా ఇద్దరం దాన్ని పట్టుకునే నిలబడ్డాం.

అది మంచిదో చెడ్డదో నాకు తేలలేదు. ఇవాళ పొద్దున మళ్ళీ పెడితే మళ్ళీ పోట్లాటే. రేపు ఎలా ఉంటుందో తెలియదు. రెండో డిస్కు గురించి ఇప్పుడు అడగొద్దు. బావమరిది చేసిన ఫోన్ తీసి వాడికీ అదే చెప్పాను. సరే బావా అని ఫోన్ పెట్టేసి, మళ్ళీ చేసి, ఎప్పుడడగమంటావు అన్నాడు.

నువ్వు మొదట పంపిన డిస్కుకే అని రాసి, కొత్తగా సంతకం చేసి పంపుతున్నాను. పాత కాగితం మేనేజరు దగ్గర్నుంచి తీసుకుని చింపెయ్యి. ఎందుకని అడిగితే నిజం చెప్పు, అబద్ధాలు నీకు కుదరవు. బయటికి రానివ్వు.

మధ్య భాగంలో సెల్లో ఆగిపోయి వయొలిన్ ఇంకా అందుకోని చోటు ఒకటుంది. అక్కడ ఆ పియానో ఆయన వెంటనే వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. ఆగాడు. నేనైతే అంతసేపు ఆగనని ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి.

అన్నయ్య